పద్దుకెక్కని బాకీ

ఆదివారం పొద్దున కాఫీల దగ్గర మొదలైన వాదాలు మధ్యాహ్నం భోజనాల వేళకు చల్లారిపోవడం మా ఇంట్లో రివాజు. ఈలోగా ప్రభుత్వాలు పడతాయి, లేస్తాయి. పప్పులో ఉప్పు ఎక్కువైందన్న మాటతో అన్నీ సర్దుకుంటాయి. కాని లోగడ ఒక ఆదివారం లేచిన వాదం అలా చల్లారలేదు. పంటి కింద రాయిలా ఇప్పటికీ తగులుతూనే ఉంది. మీతో చెప్పుకుంటేగాని నా మనసు కుదుటపడేట్టు లేదు.

మా వాడికి కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. జీతం పెద్దది. జీతం పెద్దదైతే పన్ను చిన్నదిగా ఉంటుందా? ఆ రోజు సెల్‌ఫోనులో జీతం చీటీ చూసుకుంటూ పెద్దగా నిట్టూర్చాడు.

"చూడు నాన్నా, ఈ నెల పాతికవేల చిల్లర ఆదాయప్పన్నుకే పోయింది. అది చాలదన్నట్టు కొన్న ప్రతి వస్తువు మీదా జి.ఎస్.టి. ఇదంతా ఎక్కడికి పోతోంది? ఊళ్లలో మోటార్లకు ఉచిత కరెంటు. ఎకరానికి ఇంత అని నగదు. పండించిన దాని మీద పన్ను లేదు. నలుగురు ఎక్కినా ఎక్కకపోయినా ఊరూరికీ బస్సు తిప్పాలి. పట్నంలో పన్ను కట్టేవాడు పల్లెటూళ్లను మోస్తున్నాడు. అక్కడ బతకడం అంత ఖర్చయితే వాళ్లే ఇక్కడికి వచ్చి బతకవచ్చు కదా?"

మాట పూర్తయ్యాకగాని వాడికి గుర్తు రాలేదు, వాళ్ల పెద్దనాయన పక్కనే బాల్కనీలో కూర్చుని టీ తాగుతున్నాడని.

మా అన్న ముందు రోజు సాయంత్రం దిగాడు. మా ఊరు మెదక్ దగ్గర, ఘనపూర్ ఆనకట్ట కింద. అక్కడినుంచి సంగారెడ్డికి ఒక బస్సు, సంగారెడ్డినుంచి లింగంపల్లికి ఇంకో బస్సు. డెబ్భై రెండేళ్ల మనిషి, పాతిక కిలోల బియ్యం మూట భుజాన వేసుకుని, చేతిసంచిలో పచ్చడి డబ్బా పెట్టుకుని మూడో అంతస్తుకు వచ్చాడు. లిఫ్టు ఉందిగదా అంటే, "దాంట్ల తలుపు మూస్తె నాకు ఊపిరాడదు" అన్నాడు. రెండు రోజులుంటానన్నాడు. రాత్రి పడుకునేముందు ఏదో చెప్పబోయి, "పొద్దుగాల మాట్లాడుకుందాం తీ" అన్నాడు.

పొద్దున జరిగిన మాట ఇది.

అన్న నొచ్చుకున్నట్టు కనిపించలేదు. గ్లాసు కింద పెట్టి తీరిగ్గా అన్నాడు: "పిల్లగాడన్నది అబద్ధం కాదు తమ్మీ. మోటరుకు కరెంటు పుణ్యానికే వస్తున్నది. మునుపు బిల్లు కట్టకపోతే స్టార్టర్లు ఊడపీక్కపోయిన దినాలు నేను మర్వలే. ఎవడో ఒకడు కడుతున్నడు గాబట్టే నడుస్తున్నది."

మా వాడు తల దించుకున్నాడు. "అది కాదు పెద్దనాయనా, నేను నిన్ను అనలేదు" అన్నాడు. "నన్ను అన్నవని నేను అన్ననా?" అని అన్న నవ్వాడు. అంతే. కాని రెండు రోజులుంటానన్న మనిషి మధ్యాహ్నం భోజనం కాగానే చెప్పులు వేసుకున్నాడు. పొలం దగ్గర పని గుర్తొచ్చిందట. ఆయన వెళ్లాక మా ఆవిడ, "ఏదో చెప్పాలని వచ్చారండీ, చెప్పకుండానే వెళ్లిపోయారు" అంది.

నేను ముప్పై నాలుగేళ్లు లెక్కల తనిఖీ ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. మనసు బాగుండకపోతే కొందరు రామకోటి రాస్తారు, కొందరు పేకాడతారు. నేను కాగితం తీసి మధ్యన నిలువుగా గీత గీస్తాను. ఆ రోజూ అదే చేశాను. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. పైన 'పట్నం, పల్లె: చిట్టా' అని రాశాను. నాకు అన్న మీద అభిమానం ఉంది కాబట్టి కొడుకు మాట కొట్టిపారేయకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను. తనిఖీదారుకు బంధుప్రీతి పనికిరాదు.

మొదటి పద్దు కరెంటు. ఇందులో మా వాడిదే గెలుపు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రాజశేఖరరెడ్డిగారు మొట్టమొదట సంతకం పెట్టింది రైతులకు ఉచిత కరెంటు దస్త్రం మీదనే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి ఇరవైనాలుగు గంటలూ ఇవ్వడం మొదలైంది. ఉచితం అన్నది పుచ్చుకునేవాడి మాట. కరెంటు తయారుచేయడానికి బొగ్గు ఉచితంగా రాదుగదా! కొంత సర్కారు ఖజానా భరిస్తుంది. కొంత కర్మాగారాల మీద, దుకాణాల మీద అసలు ఖర్చుకు మించిన రేటు వేసి రాబడతారు. పైగా దూరం ఒకటి ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో అరవై ఇళ్లకు ఒక్క ట్రాన్స్‌ఫార్మరు. ఊళ్లో మూడు మోటార్ల కోసం చేలకు అడ్డంగా స్తంభాలు పాతుకుంటూ పోవాలి. బస్సయినా, పోస్టయినా, మంచినీళ్ల గొట్టమైనా అంతే. మనుషులు దూరదూరంగా ఉన్నచోట ఏ సౌకర్యమైనా తలకు ఎక్కువ పడుతుంది. ఇది దాచవలసిన సంగతి కాదు.

రెండో పద్దు ఆదాయప్పన్ను. ఇందులోనూ మా వాడికి సగం మార్కులు ఇవ్వాలి. సేద్యపు రాబడి మీద ఆదాయప్పన్ను లేదు. ఇది ఇవాళ్టి ఓట్ల కోసం పుట్టిన దయ అనుకునేవారున్నారు. కాదు. 1860లో జేమ్స్ విల్సన్ దొర ఈ దేశానికి ఆదాయప్పన్ను తెచ్చినప్పుడు సేద్యాన్ని కూడా కలిపే వేశాడు. 1886లో వచ్చిన చట్టం దాన్ని మినహాయించింది. భూమి మీద అప్పటికే శిస్తు వసూలవుతోంది. ఒకే రాబడి మీద రెండు పన్నులెందుకన్నది అందులో ఉన్న న్యాయం. తరువాత మన రాజ్యాంగం సేద్యపు రాబడి మీద పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. 1972లో కె.ఎన్. రాజ్ సంఘం పెద్ద కమతాల మీద పన్ను వేయమని సిఫారసు చేస్తే ముట్టుకున్నవారు లేరు. శిస్తు బరువు క్రమంగా కరిగిపోయింది, మినహాయింపు మాత్రం నిలిచిపోయింది. నాలుగెకరాల మా అన్నకు ఆ మినహాయింపు లేకపోయినా పన్ను పడదు. పడేటంత రాబడి ఉంటే గదా! దానివల్ల అసలు లాభపడేవాడు వంద ఎకరాల ఆసామి. నగరంలో కూర్చుని మరో వ్యాపారపు లాభాన్ని తోట రాబడి అని చూపించే పెద్దమనిషికి కూడా అది అక్కరకొస్తుంది.

మిగతా సగం మార్కులు ఎందుకు కోశానంటే, మా అన్న పన్ను కట్టడం లేదన్నది నిజం కాదు కాబట్టి. ఆయన సెల్‌ఫోను రీచార్జి మీద 18 శాతం జి.ఎస్.టి. పడుతుంది, మా వాడి మీద పడినట్టే. ట్రాక్టరులో పోసే డీజిలు మీద పన్ను ఉంది. దుకాణదారుడయితే కొన్నచోట కట్టింది అమ్మినచోట తీసివేసుకుంటాడు. వడ్లు అమ్మే రైతుకు ఆ వెసులుబాటు లేదు. ఇంకొకటి: నల్లగొండ జిల్లాలో గుట్ట తవ్వి సిమెంటు చేస్తారు, దుమ్ము తినేది అక్కడి ఊళ్లు. కంపెనీ ఆఫీసు హైదరాబాదులో ఉంటే, లాభం మీద పన్ను హైదరాబాదు పేరన జమపడుతుంది. నా సంగతే చూడండి. నన్ను పద్దెనిమిదేళ్లు సాకిన ఖర్చు ఆ ఊరి పద్దు. ముప్పై నాలుగేళ్లు నేను కట్టిన పన్ను నగరం పద్దు. చెట్టు ఒక దొడ్లో, కాయలు ఇంకో దొడ్లో రాలితే కాయలు రాలిన దొడ్డివాడే తోటమాలి అనిపించుకుంటాడు.

మూడో పద్దు బియ్యం. మా వాడికి ఇది తట్టనే లేదు. తట్టే అవకాశం కూడా లేదు, ఎందుకంటే దీనికి బిల్లు ఉండదు. 2023 జూలై 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. 2024 సెప్టెంబరు చివర్లోగాని ఆ నిషేధం తొలగలేదు. ఉల్లిగడ్డకు 2023 ఆగస్టులో 40 శాతం ఎగుమతి సుంకం, డిసెంబరులో పూర్తి నిషేధం, 2024 మేలో సడలింపు. ఎందుకు ఆపారు? దేశంలో ధరలు పెరగకుండా. ఎవరికి పెరగకుండా? కొనుక్కునే మనకు. పై దేశాల్లో ధర ఉన్నప్పుడు అమ్ముకోకుండా రైతును ఆపి, మన వంటింటి ఖర్చు తగ్గించారన్నమాట. అది తప్పని నేననను. కొనుక్కుతినే బీదవాళ్లు పట్నంలోనూ ఉన్నారు, పల్లెలోనూ ఉన్నారు. భూమిలేని కూలీ కూడా బియ్యం కొనుక్కునే తింటాడు. కాని ఆ తగ్గింపు ఎవరి జేబులోంచి వచ్చిందో అడగాలిగదా. మా అన్న ఒకసారి అన్నాడు: "బియ్యం పిరమైతె పేపర్ల పడ్తది. అగ్గువైతె ఏ పేపర్ల పడ్తది?"

ఇందులో ఎంత పోతుందో లెక్క కట్టినవారు లేకపోలేదు. ఓ.ఇ.సి.డి. అనే అంతర్జాతీయ సంస్థ 2018లో మన వ్యవసాయ విధానాల మీద సమీక్ష వేసింది. ఎరువుల రాయితీ, కరెంటు రాయితీ వంటివి అన్నీ రైతు జమ కింద వేసి, ధరలు అణచడంవల్ల పోయింది ఖర్చు కింద వేసింది. 2014 నుంచి 2016 దాకా తీసిన నికరం ఏమిటంటే, రైతుల స్థూల రాబడి ఏటా 6 శాతానికి పైగా తగ్గింది. ఒక చేత్తో పెట్టింది కన్నా రెండో చేత్తో తీసుకున్నదే ఎక్కువ అని అర్థం. ఇది దేశం మొత్తానికి సగటు. ప్రతి రైతుకూ, ప్రతి ఏడూ అంతేనని కాదు.

పెద్ద పెద్ద పండితులు కూడా ఈ చిట్టా దగ్గర తగువుపడ్డారు. 1977లో మైకేల్ లిప్టన్ అనే ఆంగ్లేయుడు ఒక గ్రంథం రాసి, బీద దేశాల్లో పట్నాలే పల్లెల్ని పిండుకుంటున్నాయన్నాడు. సరిగ్గా అదే సంవత్సరం మన అశోక్ మిత్రా ఇంకో గ్రంథం వేసి, కలిగిన రైతులే పంటల ధరలు తమకు అనుకూలంగా తిప్పుకుని కూలివాళ్లనూ, చిన్న రైతులనూ దెబ్బతీస్తున్నారన్నాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరి దగ్గరా అంకెలున్నాయి. చదివినవాడికి తేలేది ఒకటే. పల్లె అంటే ఒక మనిషి కాదు, పట్నం అంటే ఒక మనిషి కాదు. పది బోర్లున్న ఆసామికి పది మోటార్ల ఉచిత కరెంటు. ఒక బోరున్నవాడికి ఒకటి. భూమిలేనివాడికి సున్న. పుణ్యానికి వచ్చే కరెంటు కూడా ఉన్నవాడికే ఎక్కువ పుణ్యం చేస్తుంది. పైగా రాత్రీపగలూ తోడిన కొద్దీ భూమిలో నీళ్లు ఇంకా కిందికి పోతాయి. ఇదీ ఖర్చే, దీనికీ బిల్లు లేదు.

ఇక్కడి దాకా వచ్చి, మొదటి పద్దు దగ్గరకు మళ్లీ వెళ్లాను. ఏదో తేలడం లేదు. మా అన్నకు మోటారు ఎందుకు? మా నాన్నకు లేదే! ఆయన కాలంలో మా పొలానికి కరెంటు అక్కరలేదు. మంజీరా మీద నిజాం కాలంలో 1905లో కట్టిన ఘనపూర్ ఆనకట్టనుంచి రెండు కాలువలు తీశారు, మహబూబ్ నహర్, ఫతే నహర్ అని. శివరాత్రికి ఏడుపాయల దుర్గమ్మ జాతరకు వెళ్లినవాళ్లు ఆ ఆనకట్ట చూసే ఉంటారు, గుడి పక్కనే. ఆ నీరు పల్లానికి తనంతట తాను నడిచి వచ్చేది. ఒక్క యూనిట్టు ఖర్చు లేదు. చిన్నప్పుడు తూము దగ్గర మేమిద్దరం కాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లం. చలికాలంలో ఆ నీళ్లు గోరువెచ్చగా తగిలేవి.

మంజీరా నీళ్లు 1965 నుంచి హైదరాబాదుకు వస్తున్నాయి. ఆనకట్టకు ఎగువన సింగూరు దగ్గర దాదాపు 30 టి.ఎం.సి. పట్టే పెద్ద జలాశయం కట్టారు. దాన్లో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. 1991 నుంచి ఆ నీళ్లు కూడా నగరం తాగింది. దిగువనున్న ఘనపూర్ కాలువలకు ఎగువనుంచి వదిలితేనే నీళ్లు. వదలమని రైతులు అడగడం, అధికారులు ఆలోచిస్తామనడం, నాట్లు ముదిరిపోవడం నేను సెలవులకు వెళ్లినప్పుడల్లా చూశాను. ఇవాళ నగరం ఎక్కువగా తాగుతున్నది కృష్ణ నీళ్లు, గోదావరి నీళ్లు. 2004లో నాగార్జునసాగరం వైపునుంచి, 2015లో ఎల్లంపల్లినుంచి వంద కిలోమీటర్లకు పైగా గొట్టాలు వేసి, మోటార్లతో ఎత్తి తెచ్చారు. 2015-16 కరువులో సింగూరు, మంజీరా రెండూ ఎండినప్పుడు ఆ గొట్టాలే నగరాన్ని కాపాడాయి. కాని మా లింగంపల్లి పేటలకు మంజీరా నీరు కొత్తది కాదు. ఇన్నేళ్లుగా మా ఆవిడ బిందెలో పట్టింది, నేను షేవింగుకు వాడింది, మా వాడు బకెట్లకొద్దీ పోసుకున్నది మా ఊరికి నడిచి పోవలసిన నదే.

కాలువ నమ్మకం పోయాక మా అన్న బోరు వేశాడు. బోరుకు మోటారు పెట్టాడు. మోటారుకు కరెంటు కావాలి. ఆ కరెంటుకు డబ్బు మా వాడి పన్నులో ఉంది. ఇప్పుడు చెప్పండి: మా వాడు పెద్దనాయనకు దానం చేస్తున్నాడా, తాగిన నీళ్లకు వాయిదాల మీద వెల కడుతున్నాడా?

అన్నట్టు, నగరంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీళ్లు ఉచితమని 2021 జనవరిలో పథకం పెట్టారు. అది మొదలైనప్పుడు మా అపార్ట్‌మెంట్ సంఘంవాళ్లు మిఠాయి పంచారు. నేనూ ఒక లడ్డు తిన్నాను. ఆ రోజు మాలో ఎవరికీ పల్లెటూరి పన్ను గుర్తు రాలేదు.

ఇక చివరి పద్దు. ఎకరానికి నగదు. ఇది రాయడానికి ముందు నేను కాసేపు కలం పక్కన పెట్టవలసివచ్చింది.

రైతుబంధు 2018 మే నెలలో మొదలైంది. ఎకరానికి పంటకు 4,000 రూపాయలు. మరుసటి ఏడు 5,000 అయింది. పేరు మారి 2025 జనవరిలో రైతు భరోసా అయ్యాక 6,000. డబ్బు ఇచ్చేది పట్టా ఎవరి పేరనుంటే వాళ్లకు, నాగలి ఎవరు పట్టారని చూడరు. మా నాన్న పోయాక నాలుగెకరాలూ చెరిసగం పంచుకున్నాం. రెండెకరాలు నా పేర పట్టా. దున్నేది మా అన్న. నా వంతుకు ఏటా రెండు మూటల బియ్యం వస్తాయి. మొన్న మూడో అంతస్తుకు ఎక్కివచ్చింది అందులో ఒకటి.

మొదటిసారి ఆ డబ్బు చెక్కులుగా ఊళ్లోనే పంచారు. నేను ఇక్కడినుంచి పనిగట్టుకుని వెళ్లి, బడి ఆవరణలో వరసలో నిలబడి 8,000 రూపాయల చెక్కు పుచ్చుకున్నాను. మా అన్న నా వెనకనే నిలబడ్డాడు. మధ్యాహ్నం వదిన కోడికూర వండి పెట్టింది. "అన్నా, ఇది నీది, నువ్వే సేద్యం చేస్తున్నావు" అని ఒక మాట అన్నాను. "ఉంచుకో తీ" అన్నాడు. ఇంకొకసారి అని ఉంటే పుచ్చుకునేవాడేమో. నేను ఇంకొకసారి అనలేదు. తరువాత డబ్బు తిన్నగా నా బ్యాంకు ఖాతాలో పడడం మొదలైంది. అడగవలసిన పనీ తప్పింది, అనవలసిన పనీ తప్పింది.

పాస్‌బుక్కు తీసి కూడాను. లక్ష పైచిలుకు తేలింది. ఎవరెవరి సొమ్మునో తనిఖీ చేసి పై అధికారులకు ఆక్షేపణలు రాసిన నేను, నా ఖాతాను ఇన్నేళ్లూ తనిఖీ చేయలేదు. పల్లెటూరికి పోయే సొమ్ము అని పేపర్లు రాసే సొమ్ములో ఒక పాయ తిరిగి మా ఫ్లాటుకే వస్తోంది. పెన్షను పుచ్చుకుంటూ, నాగలి మేడి ముట్టుకోకుండా, నేనూ రైతునే! నగరంలో ఇలాంటి రైతును నేనొక్కణ్ణే కాననుకుంటాను. ఇది చదువుతూ ఎవరైనా ఉలిక్కిపడితే ఆ మాట నిజమే. మరోవైపు, ఊళ్లో ఇతరుల పొలం కౌలుకు చేసేవాడికి పట్టా లేదు కాబట్టి ఆ నగదు రాదు. నష్టం వస్తే మాత్రం అతనిదే.

సాయంత్రం వదినకు ఫోను చేశాను. అన్న చేరాడా అని అడిగి, ఏదైనా పని మీద వచ్చాడా అన్నాను. వదిన కాసేపు మాట్లాడలేదు. తరువాత అంది: "నీతోని చెప్పనే లేదా? బోరు ఎండిపోయింది. మోటరు కాలింది. ఇంకో బోరు ఏసి మోటరు పెట్టాలంటె ఎనబై వేలన్న తక్కువ పడుతున్నయి. నిన్ను బదులడుగుతా అనే వచ్చిండు. అక్కడ అడగబుద్ధి కాలేదంట."

నా ఎదురుగానే కూర్చున్న మా వాడు ఆ మాట విన్నాడు. వాడికి నా కాగితం అందించాను. రెండుసార్లు చదివాడు. వాడు నా కొడుకు కాబట్టి వెంటనే ఒప్పుకోలేదు.

"నీళ్ల సంగతి నిజమే. అయినా పది బోర్లవాడికి కూడా ఉచితమెందుకు? వంద ఎకరాలవాడికి పన్ను ఎందుకు ఉండకూడదు?" అన్నాడు.

"ఉండాలి" అన్నాను. "ఆ ప్రశ్న అడుగు. పల్లెటూరిని మోస్తున్నానని మాత్రం అనకు. ఎవరు ఎవర్ని మోస్తున్నారో ఈ కాగితంలో తేలలేదు. తేలిందల్లా, మన బిల్లులు అచ్చేసి ఉన్నాయి, వాళ్లవి అచ్చుకాలేదు అని."

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి వాడే పెద్దనాయనకు ఫోను కలిపాడు. ఏం మాట్లాడాడో నేను వినలేదు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. తిరిగి వచ్చి ఫోను నా చేతికిచ్చాడు.

"అన్నా, రేపు బ్యాంకులో వేస్తున్నాను. లక్ష" అన్నాను.

"అప్పుగ ఇస్తె తీస్కుంట. ఊకెనే అయితె వద్దు."

"రెండూ కాదు. నీ డబ్బే. రైతుబంధు అని నా ఖాతాలో పడ్డది. ఇన్నేళ్లు నా దగ్గర ఉండిపోయింది."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఫోను తెగిందనుకున్నాను. తరువాత అన్న గొంతు వినబడింది.

"అట్లనా! మరి వడ్డీ ఏదిరా?"

ఇద్దరం నవ్వాం. చిన్నప్పుడు తూము మీద కూర్చుని నవ్వినట్టు కాకపోయినా, నవ్వాం. నీళ్ల గురించి నేను కట్టిన లెక్కంతా ఉత్సాహంగా చెప్పబోయాను. మధ్యలోనే ఆపేశాడు. "తాగెటోనికి ముందు ఇయ్యాలె తమ్మీ. దూపైనోని ముందల వరి ముచ్చట చెప్తమా? కాకపోతె, తాగినమని యాదికుంటె చాలు."

కొత్త బోరు పడింది. నీళ్లు ఒక మోస్తరుగా ఉన్నాయట. ఇక నుంచి నా రెండెకరాల మీద వచ్చే నగదు ఏ పంటకాపంట అన్నకు పంపేస్తున్నాను. అంతవరకు నా మనసు శుభ్రమే.

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. మొన్న మా వాడు ఒక ప్రశ్న వేశాడు: "దున్నేది పెద్దనాయన కదా నాన్నా, ఆ రెండెకరాల పట్టా కూడా ఆయన పేర మార్చేస్తే పోలేదా?" మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. మా ఊరి దాపున ఎకరం ఇవాళ ఎంత పలుకుతోందో మా ఇద్దరికీ తెలుసు. రిజిస్ట్రేషను ఆఫీసుకు ఎండలు తగ్గాక వెళ్దాం అన్నాను. ఎండలు తగ్గి వానలు కూడా పడ్డాయి.

ఆ పద్దు ఇంకా మూయలేదు.